పాత ఏరియల్, నాన్న అంబాసిడర్, 837 కిలోహెర్ట్జ్

కారు ఏరియల్ అంటే బయటికి కనిపించే కడ్డీ అనే చాలామంది అనుకుంటారు. మీడియం వేవ్ (ఎఫ్‌ఎమ్ రాకముందు నుంచీ ఆకాశవాణి వచ్చే బ్యాండు) వినాలనుకునేవాళ్లకి మాత్రం కడ్డీ, దాని అడుగున కరెంటు బాడీలోకి పోనివ్వకుండా ఉండే ఇన్సులేటర్, రేడియో దాకా వెళ్లే కేబుల్, బండి బాడీ, ఈ నాలుగూ కలిస్తేనే ఏరియల్. పాత బండి నుంచి తీసిన ఏరియల్‌ని ఇంకో బండికి ఎక్కించేటప్పుడు ఎక్కువమంది కడ్డీకి మెరుగు పెట్టి, కేబుల్ దగ్గరికి వచ్చేసరికి చేతికందిన టీవీ వైరు కలిపేస్తారు. తర్వాత గరగర తప్ప ఏమీ రాదు. నింద రేడియో మీద పడుతుంది, దాన్ని కూడా పీకేస్తారు. అలా ఎన్ని మంచి రేడియోలు తుక్కులోకి వెళ్లాయో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే 2018 వేసవిలో నాన్న బండికి నేను చేసిన పని వివరంగా రాస్తున్నాను.

మాది 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్, 1489 సీసీ. డాష్‌బోర్డులో రెండు నాబ్‌ల పాత రేడియో ఇంకా ఉంది. అందులో ఎఫ్‌ఎమ్ లేదు, మీడియం వేవ్ ఒక్కటే. కుడివైపు ముందు మడ్‌గార్డ్ మీద ఉండాల్సిన ఏరియల్ ఎప్పుడో విరిగిపోయింది. ఆ రంధ్రానికి నాన్న రబ్బరు బిరడా పెట్టి ఉంచారు. కొత్తగా దొరికే పొట్టి రబ్బరు ఏరియళ్లు ఎఫ్‌ఎమ్‌కి సరిపోతాయి. ఏరియల్ బాగా పట్టాలంటే తరంగం పొడవులో పావు వంతు ఉండాలి, ఎఫ్‌ఎమ్‌లో అది ముప్పావు మీటరే కదా. 837 కిలోహెర్ట్జ్ అంటే మా విజయవాడ ఆకాశవాణి. దాని తరంగదైర్ఘ్యం దాదాపు 358 మీటర్లు, అందులో పావు వంతంటే 90 మీటర్లు. అంత కడ్డీని ఏ బండీ మోయలేదు. కాబట్టి మీడియం వేవ్‌కి కారు ఏరియల్ ఎప్పుడూ పొట్టిదే. పొట్టిగా ఉన్నా దాన్ని పనిచేయించడమే ఇక్కడి విద్య.

ఏరియల్ మా జవహర్ ఆటోనగర్‌లోనే దొరికింది. పాత సామాన్ల కొట్టులో, సైలెన్సర్ల గుట్ట వెనక, ప్లాస్టిక్ సంచిలో ఉంది. అడుగున హిర్ష్‌మాన్ అని చెక్కి ఉంది. అది జర్మనీ కంపెనీ. ఏ బండి నుంచి తీశారని అడిగితే కొట్టాయన, "ఫారిన్ బండిదమ్మా, పూర్తి ఇత్తడి. తూకానికి ఇచ్చేద్దామనుకుంటున్నా" అన్నాడు. నాలుగు గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరేది. పూర్తిగా లాగితే మీటరు పొడవొస్తుంది. ఇత్తడి మీద క్రోమ్ అక్కడక్కడా లేచిపోయింది కానీ గొట్టాలకి సొట్టల్లేవు. కేబుల్‌ని మాత్రం ఎవరో మొదట్లోనే కటింగ్ ప్లయర్‌తో కోసేశారు. తుక్కు కొట్టుకొచ్చే ప్రతి ఏరియల్‌కీ ఇదే గతి. రాగి కోసం కోస్తారు, తీరా చూస్తే అందులో రాగి ఉండేది వెంట్రుకంత.

ముందు కడ్డీని శుభ్రం చేశాను. గొట్టాల మధ్య సన్నటి స్ప్రింగు రేకులు ఉంటాయి, ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి కరెంటు వెళ్లేది వాటి ద్వారానే. వాటి మీద మురికీ పాత గ్రీజూ పేరుకుపోతే కడ్డీ చూడ్డానికి మీటరున్నా రేడియోకి అడుగు గొట్టం ఒక్కటే అందుతుంది. కిరోసిన్‌లో నానబెట్టి, మెత్తటి గుడ్డతో లాగుతూ తుడిచాను. క్రోమ్ పోయి ఇత్తడి బయటపడ్డ చోట అమ్మ చెప్పినట్టు చింతపండు రుద్ది, వెంటనే తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టాను. పులుపు లోపల మిగిలితే ఇత్తడిని తినేస్తుంది, అందుకే కడగడంలో బద్ధకించకూడదు. తర్వాత మల్టీమీటర్ ఒక కొన కడ్డీ చివర, ఇంకోటి అడుగున పెట్టి, గొట్టాలని అటూఇటూ తిప్పుతూ చూశాను. అంకె కదలకుండా ఒక ఓమ్ లోపల నిలబడింది, అంటే కరెంటుకి ఎక్కడా అడ్డు లేదు.

ఇన్సులేటర్ పని ఇంత తేలిగ్గా కాలేదు. కడ్డీకీ, అది దిగే బయటి గొట్టానికీ మధ్య గోధుమరంగు ఫైబర్ బిళ్ల ఉంది, ఏళ్ల తరబడి చెమ్మ పీల్చుకుంది. మల్టీమీటర్ పెడితే 30 కిలో ఓమ్స్ చూపించింది. అసలక్కడ కరెంటు పారే దారే ఉండకూడదు, మల్టీమీటర్ ఏ అంకే చూపించకూడదు. మీటరు పొడవు కడ్డీకి కెపాసిటన్స్ (ఛార్జిని పట్టి ఉంచే గుణం) దాదాపు 10 పికోఫారడ్లు ఉంటుంది. 837 కిలోహెర్ట్జ్ దగ్గర అది 19 కిలో ఓమ్స్ అడ్డంకితో సమానం. అంటే సిగ్నల్ వచ్చే దారికీ, బాడీలోకి కారిపోయే దారికీ పెద్ద తేడా లేదన్నమాట. ఎండలో పెడితే కొంత మెరుగుపడేది, కానీ కృష్ణా తీరంలో వానాకాలం ఎలా ఉంటుందో మాకు తెలుసు కదా. బిళ్ల మార్చడమే మంచిదనిపించింది.

దానికి ఆటోనగర్‌లోనే లేత్ షెడ్డు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బాబాయ్ అని పిలుస్తాను. నా చేతిలో గీసుకెళ్లిన బొమ్మ చూసి, "అమ్మాయ్, బొమ్మెందుకు, పాత బిళ్ల ఇయ్యి" అన్నారు. వెర్నియర్‌తో కొలిచి, ముందు నైలాన్ కడ్డీ తీశారు. నైలాన్ కూడా కొంచెం నీళ్లు పీల్చుకుంటుందని నేనంటే, మూలనున్న తెల్లటి టెఫ్లాన్ ముక్క వెతికి పట్టుకొచ్చారు. ఆయన చేతిలో టెఫ్లాన్ రిబ్బన్లలా లేస్తుంటే పక్కన నిలబడి చూడటం నాకు పండగే. ఇంత నైపుణ్యం ఉన్నవాళ్లు మన ఊళ్లలో షెడ్డుకొకరు ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఇలాంటి పనులు తీసుకెళ్లేవాళ్లు తగ్గిపోతున్నారు.

మడ్‌గార్డ్ రంధ్రం మరో చిక్కు తెచ్చింది. మా బండి రంధ్రం 24 మిల్లీమీటర్లు, ఈ ఏరియల్ మెడ 20. నాన్న బండికి ఇంకో రంధ్రం పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ రేకు ఈ రోజుల్లో మళ్లీ దొరకదు. రంధ్రం పెద్దదైనందువల్ల ఏరియల్ ఊగడం ఒక్కటే కాదు నష్టం. రేకు కింద వైపు కరిచి పట్టుకోవాల్సిన పళ్ల వాషర్ అందులోంచి పైకి జారిపోతుంది. ఏరియల్‌కి ఎర్త్ అందేది ఆ పళ్ల ద్వారానే. అందుకని బాబాయ్ చేత మూడు మిల్లీమీటర్ల మందంలో ఇత్తడి రింగు చేయించి, దాని మీద ఆకురాయితో నేనే పళ్లు దిద్దుకున్నాను. పైవైపు మడ్‌గార్డ్ వాలుకి తగ్గట్టు ఏటవాలుగా కోసిన నల్ల నైలాన్ దిమ్మ, దాని కింద పాత ట్యూబు రబ్బరు. కడ్డీ నిటారుగా నిలబడింది. రేకు ఒక్కటే బరువు మోస్తే గతుకుల రోడ్డు మీద రంధ్రం అంచు చిట్లుతుంది. కాబట్టి ఏరియల్ బయటి గొట్టం కింది కొసని మడ్‌గార్డ్ లోపలి గోడకి చిన్న రేకుపట్టీతో బిగించాను.

మడ్‌గార్డ్ కింద ఎర్త్ తగిలే చోట, రింగు వెడల్పు మేర మాత్రమే, రంగూ అండర్‌కోటింగూ గీకి మెరిసే ఇనుము తేల్చాను. రింగు బిగించాక చుట్టూ గ్రీజు పూశాను. ఇత్తడి, ఇనుము, చక్రం చిమ్మే నీళ్లు ఒకచోట చేరితే తుప్పు ఎంతో దూరంలో ఉండదు. పైగా అంబాసిడర్ మడ్‌గార్డ్ బోల్టులతో బిగించేది. ఆ బోల్టుల మీద తుప్పు పడితే మడ్‌గార్డే బాడీకి దూరమవుతుంది. రెండు బోల్టులు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాను. ఏరియల్ బయటి గొట్టం నుంచి ఇంజన్ దాకా కొలిస్తే అర ఓమ్ లోపే వచ్చింది.

ఇక కేబుల్. నన్ను ఎవరు అడిగినా ముందు చెప్పేది దీని గురించే. టీవీ వైరులాంటి మామూలు కోయాక్సియల్ కేబుల్లో రకాన్ని బట్టి మీటరుకు 100 పికోఫారడ్ల దాకా కెపాసిటన్స్ ఉంటుంది. మీటరున్నర వేస్తే 150. కడ్డీ దగ్గరున్నది పదే కదా. కడ్డీ పట్టుకున్న సిగ్నల్‌లో ఎక్కువ భాగం కేబుల్ నింపడానికే పోతుంది. బిందెడు నీళ్లు మోసుకొచ్చి ఎండిన చెరువులో పోసినట్టు. పాత కారు ఏరియల్ కేబుల్ అందుకే వేరుగా ఉంటుంది. బోలుగా ఉన్న ప్లాస్టిక్ గొట్టం లోపల వెంట్రుకలాంటి తీగ వంకీలు తిరుగుతూ వెళ్తుంది, మిగతాదంతా గాలి. దానికి మీటరుకు 30 పికోఫారడ్లకి అటూఇటూ ఉంటుంది. అలాంటిది కొత్తగా దొరకలేదు. అదే కొట్టులో కడ్డీ విరిగి కేబుల్ మిగిలిన ఇంకో ఏరియల్ ఉంటే, దాని కేబుల్ విప్పి తెచ్చుకున్నాను. ఆ తీగకి సోల్డరింగ్ చేసేటప్పుడు తొందర పనికిరాదు, వేడి ఎక్కువైతే గొట్టం కరిగి తీగ బయటి లోహపు అల్లికకి (షీల్డు) తగులుతుంది. రేడియోలో గుచ్చే ప్లగ్గు పిన్ను బోలుగా ఉంటుంది. తీగని దాని కొన దాకా లాగి, అక్కడ చుక్కంత టంకం పెట్టాలి. పొడవు సరిపోలేదని మధ్యలో ఇంకో వైరు అతకడం వద్దు. కేబుల్ వెళ్లే దారే దగ్గర చేసుకోవాలి. నేను ఇంజన్‌కీ డాష్‌బోర్డుకీ మధ్య గోడలో ఉన్న పాత గ్రోమెట్ (తీగలు దూరే రబ్బరు రింగు) నుంచే లోపలికి తీసుకెళ్లాను, ఇగ్నిషన్ కాయిల్‌కి వీలైనంత దూరంగా.

రేడియోకి కరెంటు ఇచ్చే ముందు బ్యాటరీ ఏ వైపు బాడీకి కలిపి ఉందో చూసుకున్నాను. పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉన్నవీ ఉంటాయి, తారుమారైతే ట్రాన్సిస్టర్లు పోతాయి. తర్వాత ట్రిమ్మర్. ఈ రేడియోల్లో ఏరియల్ సాకెట్టు దగ్గర చిన్న మర ఉంటుంది, ఈ కడ్డీకీ ఈ కేబుల్‌కీ రేడియోని సరిపెట్టేది అదే. డయల్ పై చివర, 1400 ప్రాంతంలో, నీరసంగా వినిపించే స్టేషన్ మీద పెట్టి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పాలి. ఒకచోట శబ్దం ఉన్నట్టుండి నిండుగా వస్తుంది. పగలు ఆ చివర మాకు ఏమీ అందదు కాబట్టి రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాను. ఆ మర ఒకటి ఉందనే చాలామంది మెకానిక్కులకి తెలియదు.

ఇంజన్ స్టార్ట్ చేస్తే టకటకమని శబ్దం, యాక్సిలరేటర్‌తో పాటు పెరుగుతోంది. ఇలాంటప్పుడు ముందు ఏరియల్ ప్లగ్గు పీకి చూడాలి. శబ్దం ఆగితే అది ఏరియల్ ద్వారా వస్తున్నట్టు, ఆగకపోతే కరెంటు తీగ ద్వారా. మాది ఆగింది. బానెట్‌కి బాడీతో గట్టి కలయిక లేక, ఇంజన్ రొదంతా దాని మీదుగా ఏరియల్‌కి అందుతోంది. బానెట్ కీలు దగ్గర అల్లిక రాగి పట్టీ ఒకటి వేసి, స్పార్క్ ప్లగ్గులకి రెసిస్టెన్స్ ఉన్న కార్బన్ తీగలు మార్చాక చాలావరకు తగ్గింది. మిగిలిన ఈల సిగరెట్ లైటర్‌లో పెట్టిన ఫోన్ ఛార్జర్‌ది. అది తీసేయగానే పోయింది.

ఆ జూన్‌లో నాన్నా నేనూ హైదరాబాద్ నుంచి వస్తూ దారంతా విన్నాం. బయల్దేరేటప్పుడు హైదరాబాద్ ఎ స్టేషన్, 738. ఫోన్‌లో ఎఫ్‌ఎమ్ చౌటుప్పల్ దాటాక చెదిరిపోయింది, ఇది నకిరేకల్‌లోనూ స్పష్టంగా ఉంది. సూర్యాపేట దగ్గర నాన్న నాబ్ తిప్పితే 738, 837 రెండూ వినిపించాయి. హైటెన్షన్ తీగల కింద ఒక్క క్షణం గుర్రుమని, మళ్లీ సర్దుకునేది. కోదాడకి విజయవాడ గొంతు పూర్తిగా పట్టుకుంది. పాడిపంటలు వస్తుంటే నాన్న శబ్దం పెంచి, "ఇది వినడానికే కదా అప్పట్లో పోస్టాఫీసులో రేడియో లైసెన్సు డబ్బులు కట్టింది" అన్నారు. నందిగామ దాకా ఇంకేం మాట్లాడుకోలేదు, వింటూ వచ్చాం.

ఇప్పుడు మా వీధిలో ఫియట్ ఉన్న మామయ్యగారు తన బండికీ ఇలాంటిదే కావాలంటున్నారు. కడ్డీ దొరికింది, కేబులే లేదు. మీలో ఎవరైనా ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లుంటే, పాత ఏరియల్ తీసేటప్పుడు రేడియో వెనక ప్లగ్గు దాకా కేబుల్‌ని కోయకుండా లాగి, చుట్ట చుట్టి ఉంచండి. కడ్డీ విరిగిపోయినా పర్లేదు, కేబుల్ కోసం నేనే వచ్చి కొనుక్కుంటాను.