కత్తెర కోసం కత్తెర

ఆదివారం, రాత్రి

నిన్న కొత్త కత్తెర కొన్నాను. ఇవాళ పొద్దున బయటికి తీద్దామని కూర్చుంటే తెలిసింది, దాని గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్ గోళ్ళకు లొంగే రకం కాదని. వెనక అట్ట మీద చిన్న బొమ్మ: చుక్కల గీత, దాని పక్కన కత్తెర. అక్కడ కత్తిరించాలట. కత్తెర ఉంటే కత్తెర ఎందుకు కొంటాను నాయనా!

తాళంచెవితో కాసేపు కుస్తీ పట్టి, పదునైనది ఏదైనా దొరుకుతుందేమోనని సొరుగు మొత్తం నేల మీద బోర్లించాను. పాత కత్తెర అడుగున ఉంది. దాని పక్కనే ఇంకొకటి, చిన్నది. అదెప్పుడు కొన్నానో గుర్తు కూడా లేదు. రాయని పెన్నులు 11, ఏ ఫోనువో తెలియని ఛార్జర్ వైర్లు 4, టేపు చుట్టలు 3. ఒక్కదానికీ కొస దొరకలేదు.

తక్కువ వస్తువులతో బతుకుతున్నానని ఏడాదిగా నలుగురికీ చెప్పుకుంటున్న మనిషి సొరుగు ఇది.

అలాగని అన్నీ ఉత్తమాటలేం కాదు. ఏదైనా కొనాలనిపిస్తే నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసి, 30 రోజులు ఆగుతాను. ఇవాళ తిరగేస్తే ఈ మూడు నెలల్లో రాసినవి 19, కొన్నవి 4. కొట్టేసిన వాటిలో ఒకచోట "చిన్న టేబుల్ ఫ్యాన్" అని రాసి పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు! ఆ రోజు అంత కొంప మునిగిందేమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఫోన్‌లో కార్డు నంబరు దాచుకోవడం కూడా మానేశాను. ఒక్క క్లిక్కుతో కొనే పద్ధతికి 1999లో అమెజాన్‌కు అమెరికాలో పేటెంట్ వచ్చింది, 2017 దాకా నడిచింది. కొనాలనుకోవడానికీ కొనేయడానికీ నడుమ ఉండే ఆ ఒక్క నిమిషానికి ఎంత విలువుందో అప్పుడే లెక్కగట్టారన్నమాట. మంచం దిగి, పర్సు వెతికి, 16 అంకెలూ కొట్టేలోపు నాకు సగం మోజు తీరిపోతుంది.

పోయిన నెల వచ్చిన కుర్చీ మాత్రం వేరే కథ. అది రాగానే బల్ల పాతబడిపోయినట్టు కనిపించింది. ఫ్రెంచ్ రచయిత దిదెరో 1769లోనే ఈ గోల రాసుకున్నాడు: ఇంట్లో వేసుకునే ఎర్రటి కొత్త అంగీ వచ్చాక గదిలో పాత సామాన్లేవీ దానికి తగినట్టు అనిపించక ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడు. మానవశాస్త్రవేత్త గ్రాంట్ మెక్‌క్రాకెన్ 1988లో దీనికి 'దిదెరో ప్రభావం' అని పేరు పెట్టాడు. నా బల్ల ఇంకా నోట్‌బుక్‌లోనే ఉంది. గడువు తీరడానికి ఇంకా 12 రోజులు.

కత్తెర మాత్రం ఆ నోట్‌బుక్‌లోకి ఎక్కనే లేదు. అవసరం కదా, రాసేదేముంది అనుకున్నాను. మోజులకైతే కాపలా పెట్టాను గానీ, అవసరమని చెప్పుకుని వచ్చినవి దర్జాగా లోపలికి నడిచొచ్చాయి. పెన్నులూ అంతే, టేపూ అంతే. ఇంట్లో లేక కొన్నవి కావు, కనబడక కొన్నవి. అందుకే ఇవాళ నోట్‌బుక్ మొదటి పేజీలో పైన రాసుకున్నాను: "సొరుగు చూశావా?"

సాయంత్రం దాకా సర్దాను. పాత కత్తెరను తలుపు వెనక మేకుకి తగిలించాను, గదిలో ఎక్కడ నిలబడినా కనిపించేలా. కొత్తది ప్యాకింగ్ ఊడలేదు కాబట్టి రేపు వెనక్కి ఇచ్చేయొచ్చు.

బిల్లు ఎక్కడ పెట్టానో వెతకాలి.