పక్కవాడికి నవ్వును అందించిన మెల్ స్మిత్

మిస్టర్ బీన్ ఎవరో తెలియని పిల్లలు మన వరంగల్‌లో బహుశా ఉండరు. ఆ పాత్ర వేసిన రోవన్ అట్కిన్‌సన్ పేరు కూడా చాలామందికి తెలుసు. కానీ 1997లో వచ్చిన ‘బీన్’ సినిమాకు దర్శకుడెవరని అడిగితే, నాటకాల్లో తలపండిన మిత్రులు కూడా ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ దర్శకుడు మెల్ స్మిత్. నటుడిగా, రచయితగా, దర్శకుడిగా బ్రిటిష్ హాస్యంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన మనిషి. హన్మకొండలో కళాశాల వార్షికోత్సవాలకు విద్యార్థుల చేత స్కిట్లు వేయించే నాకు హాస్యం విషయంలో ఆయన పని నేర్పినంతగా మరెవరి పనీ నేర్పలేదు కనుక, ఆయన గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

ఆయన 1952 డిసెంబర్ 3న పశ్చిమ లండన్‌లోని చిజిక్‌లో పుట్టారు. తండ్రి అక్కడే గుర్రప్పందేల దుకాణం నడిపేవారు. ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూ కాలేజీలో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రం చదవడానికి చేరినా, విశ్వవిద్యాలయ నాటక సమాజమే ఆయన కాలాన్నంతా తీసుకున్నది. ఆ తర్వాత లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో సహాయ దర్శకుడిగా చేరి, బ్రిస్టల్‌లోనూ షెఫీల్డ్‌లోనూ నాటకశాలల్లో పనిచేశారు. అంటే టెలివిజన్‌లో నటుడిగా పేరు రాకముందే ఆయన దర్శకుడు. వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడితే ప్రేక్షకుడి చూపు ఎటు వెళుతుందో ముందే నేర్చుకొని నటనలోకి వచ్చిన మనిషి కాబట్టే, చూపు తన మీద ఉండనక్కర్లేని చోట దాన్ని ఎంతో సునాయాసంగా పక్కవాడి మీదికి మళ్లించేవారని నా నమ్మకం.

దీనికి మంచి ఉదాహరణ 1979 నుంచి 1982 వరకు బీబీసీ రెండవ చానల్‌లో వచ్చిన ‘నాట్ ది నైన్ ఓ క్లాక్ న్యూస్’. అదే సమయానికి మొదటి చానల్‌లో తొమ్మిది గంటల వార్తలు వచ్చేవి కాబట్టి, ఇది ఆ వార్తలు కాదని చెప్పే పేరు పెట్టారు. అట్కిన్‌సన్, పమేలా స్టీఫెన్‌సన్, గ్రిఫ్ రీస్ జోన్స్‌లతో కలిసి స్మిత్ అందులో నటించారు. అందులోని గొరిల్లా స్కిట్‌ను నేను ప్రతి కొత్త జట్టుకూ చూపిస్తాను. ఒక ప్రొఫెసర్ తాను పట్టి తెచ్చి, మాటలు నేర్పించిన గొరిల్లాను వెంటబెట్టుకొని టీవీ ఇంటర్వ్యూకు వస్తాడు. తీరా చూస్తే గొరిల్లా ఆయన కంటే చదువుకున్న మనిషిలా మాట్లాడుతూ, ఆయన చెప్పే ప్రతి విషయాన్నీ సరిదిద్దుతుంటుంది. గొరిల్లా వేషంలో ఉన్నది అట్కిన్‌సన్, ప్రొఫెసర్ స్మిత్. నవ్వంతా గొరిల్లా మాటల మీదే పేలుతుంది. అయితే వేషం వల్ల అట్కిన్‌సన్ ముఖం మనకు కనిపించదు కదా! ఆ మాట తగిలిందని మనకు తెలిసేది స్మిత్ ముఖంలోనే. పదిమందిలో పరువు పోతున్నదన్న చికాకును దాచుకుంటూ, దాచలేకపోతూ, అతను శాస్త్రవేత్తగానే కూర్చొని ఉంటాడు. ఆ ప్రొఫెసర్ ఒక్కసారైనా నవ్వు కోసం ప్రయత్నించి ఉంటే స్కిట్టంతా చప్పబడిపోయేది.

మన ఒగ్గుకథ చూసి పెరిగినవాళ్లకు ఈ పని విలువ వేరే చెప్పనవసరం లేదు. జనగామ ప్రాంతపు ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య పేరు దేశమంతా తెలిసింది గానీ, ఏ ఒగ్గు బృందంలోనైనా పక్కన నిలిచి వంత పాడుతూ, తాళం వేస్తూ, కథకుడి మాటను అందుకొని అమాయకంగా ఎదురు ప్రశ్న వేసేవాడు లేకపోతే రాత్రంతా కథ నడవదు.

గ్రిఫ్ రీస్ జోన్స్‌తో కలిసి స్మిత్ 1984లో మొదలుపెట్టిన ‘అలాస్ స్మిత్ అండ్ జోన్స్’, తర్వాత పేరు కుదించుకొని 1998 దాకా సాగింది. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి వాళ్లిద్దరూ ముఖాముఖి కూర్చొని మాట్లాడుకునే భాగాలు. వెనుక నల్లని తెర, పక్కనుంచి కనిపించే రెండు ముఖాలు, అంతే. వేషం లేదు, సెట్టింగు లేదు. జోన్స్‌ది మందబుద్ధి పాత్ర. స్మిత్‌ది అన్నీ తనకే తెలుసనుకునే పాత్ర. తెలియనివాడికి తెలియనివాడే ఎంతో ఓపికగా లోకజ్ఞానం బోధిస్తుంటాడు. ఇద్దరూ ప్రేక్షకుల వైపు ఒక్కసారీ తిరగరు. మన విద్యార్థులు పంచ్ పడగానే మైకు వైపు తిరిగి చప్పట్ల కోసం ఎదురుచూస్తారు. ఆ అలవాటు మాన్పించడానికి ఈ ముఖాముఖి భాగాలను మించిన పాఠం నాకు దొరకలేదు.

సినిమా దర్శకుడిగా ఆయన మొదటి చిత్రం 1989 నాటి ‘ది టాల్ గై’. రిచర్డ్ కర్టిస్ రాసిన ఈ కథలో నాయకుడు ఒక పేరుమోసిన హాస్యనటుడి పక్కన ప్రతిరోజూ వేదిక మీద దెబ్బలు తినే సహాయనటుడు. జెఫ్ గోల్డ్‌బ్లమ్ ఆ పాత్ర వేయగా, పక్కవాడిని ఎదగనివ్వని హాస్యనటుడిగా అట్కిన్‌సన్ నటించారు. జీవితమంతా జంట హాస్యంలో గడిపిన మనిషికి ఇంతకంటే తగిన కథ దొరకదు. 1994లో తీసిన ‘రేడియోలాండ్ మర్డర్స్’ మాత్రం ‘స్టార్ వార్స్’ సృష్టికర్త జార్జ్ లూకాస్ అండ ఉన్నా ఆడలేదు.

ఆ తర్వాతే ‘బీన్’ వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 20 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. టీవీలోని బీన్‌కు ఉన్న పదును సినిమాలో తగ్గిందనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. విస్లర్ అనే చిత్రకారుడు తన తల్లిని గీసిన ప్రసిద్ధ చిత్రపటం ముందు బీన్ ఒంటరిగా ఉండే ఘట్టాన్ని గుర్తుచేసుకోండి. పటం మీద తుమ్ముతాడు, సిరా అంటిన చేతిరుమాలుతో తుడుస్తాడు, ఆ మరకను పోగొట్టబోయి బొమ్మలోని తల్లి ముఖాన్నే చెరిపేస్తాడు. ఇంతవరకు ఇది అట్కిన్‌సన్ ప్రతిభ. కానీ బీన్‌ను నమ్మి ఇంట్లో పెట్టుకున్న మ్యూజియం ఉద్యోగిగా పీటర్ మెక్‌నికోల్ ఆ పటాన్ని చూసినప్పుడు ఆ ముఖంలో కుప్పకూలిపోయే బతుకును స్మిత్ తొందరపడకుండా చూపిస్తారు. బీన్ చేసిన పనికి బరువు వచ్చేది అక్కడే.

వ్యాపారంలోనూ ఆయన తోటివారికి చోటు కల్పించారు. జోన్స్‌తో కలిసి 1981లో స్థాపించిన టాక్‌బ్యాక్ సంస్థ, తర్వాతి తరం హాస్యనటుల కార్యక్రమాలను ఎన్నింటినో నిర్మించింది. 2000లో దాన్ని 6.2 కోట్ల పౌండ్లకు అమ్మారు. 2006లో ఎడిన్‌బరా నాటకోత్సవంలో ఆయన చర్చిల్ పాత్ర వేశారు. 2013 జూలై 19న, 60 ఏళ్ల వయసులో, గుండెపోటుతో లండన్‌లో కన్నుమూశారు.

ఈసారి వార్షికోత్సవానికి మేడారం జాతర దారుల మీద ఒక ముఖాముఖి స్కిట్ రాస్తున్నాను. ఒకడు ములుగు మీదుగా అడ్డదారులన్నీ తనకే తెలుసని చెబుతుంటాడు. ఇంకొకడు మొక్కు బంగారం, అంటే అమ్మవార్లకు ఇచ్చే బెల్లం, పట్టుకొని అడుగుతూనే ఉంటాడు. చెప్పే పాత్ర కోసం పోటీపడుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అడిగే పాత్రకు మాత్రం, ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ అతని ముఖం మీదినుంచి చూపు తిప్పని ఒక మొదటి సంవత్సరం అమ్మాయిని ముందుగానే ఎంపిక చేశాను. ఆ అమ్మాయి కోసం ‘ఇంకొకడు’ను ‘ఇంకొకామె’గా మార్చి రాయడమే ఇప్పుడు మిగిలిన పని.