మరిది బోటు కిటికీలకి మూతలు

మా మరిది ఒడిశాలోని రంభలో, చిలికా సరస్సు మీద బోటు నడుపుతాడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళతో తీరికే ఉండదు. రాత్రిళ్ళు బోటు వెనకున్న చిన్న చెక్క గదిలోనే పడుకుంటాడు. "వదినా, తెల్లారేసరికి కిటికీ గాజుల మీంచి నీళ్ళు కారి పరుపు తడిసిపోతంది. ఎండాకాలం మధ్యాన్నం అదే గదిలో కాలు పెట్టలేం. నువ్వే ఏదైనా కుట్టాల" అన్నాడు. నేను బరంపురంలో జాకెట్లు, లంగాలు కుట్టే మనిషిని. అయినా తడి పరుపు మీద నిద్రలేక గడిపినవాడు పొద్దున్నే జనాన్ని నీళ్ళ మీదకి తీసుకెళ్తున్నాడంటే మనసు ఒప్పలేదు.

మూసిన గదిలో మనిషి ఊపిరిలోని తేమ చల్లటి గాజుని తాకి చుక్కలవుతుంది. కాబట్టి గది గాలి గాజు దాకా పోకూడదు. మూత మందం కన్నా అంచు ముఖ్యమని నేను గట్టిగా చెప్తాను. ఎంత దళసరి మూతైనా అంచున సందుంటే తేమగాలి వెనక్కి దూరుతుంది. మూత వేశాక గది వెచ్చదనం గాజుకి అందదు, గాజు ఇంకా చల్లబడుతుంది. అప్పుడు మునుపటికన్నా ఎక్కువే కారతాయి నీళ్ళు.

అది చేత్తో కట్టిన బోటు. ఎడమ కిటికీ, కుడి కిటికీ చూపుకి ఒకటే, కొలతకి కలవవు. మూలలు వంపు తిరిగి ఉంటాయి, టేపు సరిపోదు. పాత ఒడియా పేపర్లు చట్రంలోకి నొక్కి, అంచు వెంట గోటితో గీసి, ఏ కిటికీకి ఆ కిటికీకే నమూనా కత్తిరించాను. ఎడమో కుడో, పై అంచేదో, గాజు వైపేదో అన్నీ దాని మీదే రాశాను. కుట్టు మడతలు పోను మూత చట్రం కన్నా చుట్టూ పావు అంగుళం పెద్దదిగా తేలాలి. అప్పుడే నొక్కితే బిగుతుగా కూర్చుంటుంది. ఇక గాజుకి అతుక్కునే రబ్బరు కప్పులతో పనిలేదు, అవి ఎండకి ఊడిపోతాయి. టిచ్ బటన్లు ఉప్పుగాలికి పాడవుతాయి.

గాజు వైపున రేకుల కప్పుల కింద వేసే వెండిరంగు బబుల్ షీటు పెట్టాను. దాని మీద రజాయిల్లో వాడే పాలిస్టరు షీటు, ఆ పైన గది వైపుకి ముదురు నీలం గుడ్డ. దూది పెట్టమన్నారు మా అత్తగారు. దూది తేమ పీల్చి ఉండలు కడుతుంది, బూజు పడుతుంది. బొంతకి వేసినట్టు దగ్గర దగ్గరగా కుట్లు కూడా వేయకూడదు. చలినీ వేడినీ ఆపేది లోపల చిక్కుకున్న గాలి, కుట్టు పడ్డచోటల్లా అది నలిగిపోతుంది. చుట్టూ ఒక కుట్టు, అంచుకి పైపింగు, అంతే.

16 నంబరు సూది, పాలిస్టరు దారం వాడాను. కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లు పెట్టాలి, చిన్న కుట్టు వేస్తే చిల్లులు దగ్గరపడి బబుల్ షీటు ఆ గీత వెంటే చిరుగుతుంది. గుండుసూదులు వద్దు, షీటుకి పడ్డ చిల్లు పూడదు. బట్టలారేసే క్లిప్పులతో పట్టించాను. మిషను పాదం షీటుకి అతుక్కుని కదలకపోతే మధ్యలో పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయొచ్చు.

వెండి వైపు గాజుకే తిరగాలి, ఎండని వెనక్కి కొట్టేది అదే. అయితే మండుటెండలకి లోపలి మూత ఒక్కటీ చాలదు. గాజు దాటి వచ్చిన వేడిలో కొంత గదిలోనే ఉండిపోతుంది. అందుకే ఎండ పడే కిటికీలకి బయట వేలాడేలా మందపాటి కాన్వాసు పరదాలు వేరే కుట్టాను.

ప్రతి మూతకీ కింద ఒక పట్టీ కుట్టాను, చీకట్లో ఒక్క లాగుతో ఊడిరావాలని. గాలి రంధ్రానికి మాత్రం మూత కుట్టలేదు, కుట్టమన్నా కుట్టను. గదిలో మనిషి నిద్రపోతాడు, ఒక్కోసారి పక్కనే స్టవ్ కూడా వెలుగుతుంది. పొద్దున్నే మూతలు తీసి, గాజులు తుడిచి, మూతల్ని ఎండలో ఆరేయమని చెప్పాను. స్టీరింగు ముందున్న అద్దం మూత ఎర్ర గుడ్డతో కుట్టాను, ఇంజను వేసేముందు అది తీయాలని దూరం నుంచే గుర్తుకు రావాలి.

ఇక గది పైకప్పు రేకు మిగిలింది. దాని కింద ఏం వేయాలో ఎండలు ముదిరేలోపు మా మరిదితో కూర్చుని తేల్చాలి.