దిక్సూచి ముందు కొన్ని క్షణాలు
లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌కు ఎన్నిసార్లు వెళ్లినా నెల్సన్ స్తంభం వైపే తల ఎత్తి చూసేవాణ్ణి. నిన్న ఉత్తరపు గోడ దగ్గర మొదటి ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ నౌకాదళ అధికారి అడ్మిరల్ జెల్లికో కంచు ప్రతిమ ముందు కాళ్లు ఆగిపోయాయి. ఛాతీ వరకే ఉంది, దాని మీద వాన చుక్కలు.

1893లో విక్టోరియా నౌక మునిగినప్పుడు ఆయన జ్వరంతో ఉన్నారు, అయినా బతికారు. 1900లో చైనాలో తగిలిన తూటా ఊపిరితిత్తిలోనే ఉండిపోయింది. 1916 మే 31 సాయంత్రం, డెన్మార్క్‌లోని జట్లాండ్ తీరానికి ఆవల సముద్రంలో మసక వెలుతురు. శత్రువైన జర్మన్ నౌకాదళం ఎటు ఉందో సరైన కబురు లేదు. దిక్సూచి వైపు కొన్ని క్షణాలు చూసి, 24 యుద్ధనౌకలను ఎడమవైపు బారులు తీర్చమన్నారు. అది సరైన ఆజ్ఞేనని నా గట్టి నమ్మకం. అలాంటి మనిషిని 1917 క్రిస్మస్ ముందురోజు ఒక్క ఉత్తరంతో నౌకాదళాధిపతి పదవి నుంచి తప్పించారు. ఆ ఉత్తరం తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.