4 అడుగుల నడవ, ఏడాది పొడుగునా చుట్టాలు

తిరుపతిలో కాపురం ఉన్నవారి ఇంటికి చుట్టాలు రావడానికి పండుగో పెళ్లో కానక్కరలేదు. స్వామి దర్శనానికని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. తెల్లవారుజామున రైలు దిగి నేరుగా వచ్చేవారు కొందరైతే, కొండ దిగి లడ్డూల సంచులతో రాత్రి పొద్దుపోయాక వచ్చేవారు మరికొందరు. అందువల్ల మా ఊళ్లో తలవాకిలి దగ్గరి జాగాకు పని ఎక్కువ. బైరాగిపట్టెడలో మేము అద్దెకుంటున్న ఇంటికి ఆ జాగా 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉన్న నడవ మాత్రమే. 3,000 రూపాయలకు మించకుండా దానిని సర్దుకోవాలని కూర్చున్నప్పుడు, గోడకు ఏమి తగిలించాలన్న ఆలోచనను పక్కన పెట్టి, నేల మీద ఏమేమి ఉండకూడదో ముందు తేల్చుకున్నాము.

చిన్న నడవలో అన్నిటికంటే ఖరీదైనది నేలే. పెట్టె చేత పట్టుకున్న మనిషి గోడలకు తగలకుండా నడవాలంటే 3 అడుగుల దారి కావాలి. అంటే 4 అడుగుల నడవలో సామాను కోసం మిగిలేది ఒక ప్రక్కన 1 అడుగు. తలుపు లోపలికి తెరుచుకునే ఇల్లయితే, రెక్క తిరిగినంత మేర నేలను కూడా వదిలేయవలసిందే. ఏదైనా కొనే ముందు సుద్దముక్కతో నేల మీద ఆ దారినీ, తలుపు తిరిగే మేరనూ గీసుకుని, ఒకటి రెండు రోజులు ఆ గీతల మధ్యనే నడిచి చూడమని నేను అడిగినవారందరికీ చెబుతాను. అంగడిలో ముచ్చటగా కనిపించే స్టాండ్లలో చాలావరకు ఆ గీత దాటి దారిలోకి వస్తాయని అప్పుడు తెలుస్తుంది.

ఇక చెప్పుల సంగతి. పెద్దవాళ్ల చెప్పుల జతకు దాదాపు 1 అడుగు పొడవు, 8 నుండి 9 అంగుళాల వెడల్పు కావాలి. ఆ లెక్కన 3 అడుగుల అరలో 4 జతలు పడతాయి. నలుగురున్న ఇంట్లో మనిషికి 2 జతల చొప్పున చూసుకున్నా 2 అరలు చాలు. కానీ తిరుపతి ఇంటికి ఈ లెక్క సరిపోదు. అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి వెళ్లాలని మొక్కుకున్నవారు చెప్పులను మన ఇంట్లోనే విడిచి వట్టికాళ్లతో బయలుదేరుతారు. మనుషులు కొండ మీద ఉన్నా వారి చెప్పులు మాత్రం మరునాటి దాకా మన నడవలోనే ఉంటాయి. అందుచేత రోజువారీ చెప్పులకు ఒక చోటు, చుట్టాల చెప్పులకు వేరొక చోటు ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. రెండూ కలిస్తే ఉదయం బడికి వెళ్లే పిల్లలకు తమ బూట్లు కనిపించవు.

రోజువారీ వాటికి పాత సామాన్ల అంగడిలో ఒక ఇనుప స్టాండు తీసుకున్నాము. ఉప్పుకాగితంతో తుప్పు గీకి, మళ్లీ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి, అది బాగా ఆరిన తరువాత ఎనామిల్ రంగు వేసుకుంటే, ఇటువంటి స్టాండు పలుచటి చెక్క స్టాండు కంటే ఎక్కువ కాలం మన్నుతుంది. చెక్కకు చెదల భయం ఉంది; దానికి తోడు మనకు అసలైన వానలు అక్టోబరు నుండి డిసెంబరు దాకా పడతాయి కనుక తడిచెప్పుల చెమ్మ చెక్కలోకి దిగుతుంది. అరలు మూసిన పలకలుగా కాకుండా కమ్మీలుగా ఉంటే నీరు కిందికి జారి, గాలి ఆడుతుంది. తడిసిన బూట్లలో పాత దినపత్రిక కాగితాలను ఉండలు చుట్టి కుక్కి, అవి చెమ్మ పీల్చాక మార్చుతూ ఉంటే వాసన కూడా రాదు. 2021 నవంబరులో ఈ ఊరి వీధుల్లో నీళ్లు నిలిచిన వానలను చూసినవారు కింది అరను నేలకు ఆనించి పెట్టుకోరు. కింది అంతస్తులో ఉండేవారు కనీసం ఒక జానెడు ఎత్తు వదలడం మంచిది.

చుట్టాల చెప్పులకు తలుపు బయట, మెట్ల దగ్గర, కడప బండ ఒకటి వేశాము. బండల అంగడిలో కోతలో మిగిలిన ముక్కలు తక్కువ ధరకే ఇస్తారు. 3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు ఉన్న ముక్కను రెండు చివర్లా ఒక్కొక్క ఇటుక, నడుమ మరొక ఇటుక పెట్టి వాటిపై పరిస్తే, గోడకు ఒక్క రంధ్రమైనా లేకుండా అర తయారవుతుంది. నడుమ ఇటుకను మానకూడదు. ఎవరైనా మరచిపోయి దాని మీద కాలు పెడితే ఆధారం లేని బండ విరుగుతుంది. నీళ్లు పోసి కడిగినా ఆ బండకు ఏమీ కాదు. పైన నాలుగు జతలు, కింద ఇటుకల మధ్య మరో రెండు జతలు సర్దుకుంటాయి. పక్కనే ఒక గట్టి స్టూలు ఉంచాము. మా అత్తగారి వయసువారు ఒంటికాలి మీద నిలబడి చెప్పులు విప్పలేరు కదా. ఆ స్టూలు మీద మాత్రం ఏ వస్తువూ పెట్టవద్దని పిల్లలకు గట్టిగా చెప్పి ఉంచాను.

గడపకు ఇరువైపులా ఏ వస్తువూ పెట్టకూడదన్నది మా ఇంట్లో ఎప్పటినుండో ఉన్న పద్ధతి. శుక్రవారం గడప కడిగి పసుపు రాసి కుంకుమ పెట్టాలంటే చెయ్యి ఆడేంత చోటు కావాలి; వాకిట్లో ముగ్గుకు కూడా 2 అడుగుల చదరం వదలాలి. ధనుర్మాసంలో అది చాలదు కనుక ఆ నెల రోజులూ చెప్పుల బండను గోడ వారకు ఇంకొంత జరుపుతాము. తోరణం విషయంలో చేసిన చిన్న ఏర్పాటు నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది. ద్వారబంధం పై మూలల్లో రెండు చిన్న ఇత్తడి కొక్కేలు బిగించి, వాటి మధ్య సన్నని తీగ ఒకటి లాగి కట్టాము. ఉగాదికి మామిడాకులు, మే నెలలో గంగమ్మ జాతర వేళ వేపమండలు, వరలక్ష్మీ వ్రతానికి బంతిపూల దండ, అన్నీ ఆ తీగకే. ప్రతి పండుగకూ ఒక మేకు కొట్టి ద్వారబంధాన్ని చిల్లులు పడేలా చేయనక్కరలేదు. ఎండిన ఆకులను తీసివేయడం కూడా తేలిక. నెలల తరబడి వేలాడే ఎండు తోరణం కంటే ఖాళీ తీగే శుభ్రంగా కనిపిస్తుంది.

లోపల తలుపు వెనుక గోడ దాదాపు అందరూ వృథాగా వదిలేసే చోటు. అక్కడ లోతు తక్కువగా ఉండే వస్తువులన్నీ పడతాయి. ఇంటి యజమానిగారిని అడిగి రెండు చెక్కపట్టీలను, ఒక్కొక్కటి రెండు మరలతో, గోడకు బిగించి, వాటికి వరుసగా కొక్కేలు పెట్టాము. పెద్దలకు 5 అడుగుల ఎత్తున, పిల్లలకు 3 అడుగుల ఎత్తున రెండు వరుసలు ఉంటే స్కూలు బ్యాగు నేల మీదికి రాదు. గొడుగు, తాళాలు, పాల ప్యాకెట్ల కోసం రాత్రి తలుపు గ్రిల్లుకు తగిలించే గుడ్డసంచి, అన్నిటికీ చోటు అక్కడే. హెల్మెట్లు లావుగా ఉంటాయి కనుక తలుపు రెక్క తగలని చివరి కొక్కేలకు వేస్తాము. యజమానులు మరలు కూడా వద్దంటే అంటించే కొక్కేలు వాడుకోవచ్చు. అయితే అవి టైల్సు మీద, ఎనామిల్ వేసిన చెక్క మీద నిలుస్తాయి గాని సున్నం, డిస్టెంపరు వేసిన గోడ మీద పూతతో సహా ఊడివస్తాయి. ఎంత బరువు మోస్తాయో ప్యాకెట్టు మీద రాసి ఉంటుంది. దానిని చదివి, అందులో సగం బరువే వేయడం క్షేమం. 20 లీటర్ల నీళ్ల క్యాను మాత్రం నడవలో ఉండవలసినది కాదు. క్యాను తెచ్చే అబ్బాయి గుమ్మంలో దింపి వెళ్లగానే వంటింట్లోకి చేర్చాలి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధించిన తరువాత చుట్టాలకు స్టీలు సీసాలు ఇచ్చి పంపడం అలవాటైంది కాబట్టి, వాటికి చెప్పుల స్టాండు పైన గోడకు చిన్న అర ఒకటి ఉంది.

రంగు, వెలుతురు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కిటికీ లేని నడవకు లేత మీగడ రంగు వేసి, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెడితే చాలు. గుమ్మం దగ్గర విద్యుత్ ఎంసీబీ పెట్టె (ఇంటి కరెంటును ఆపే స్విచ్చులుండేది) ఉంటే దాని మీద గుడ్డ గాని, పటం గాని వేలాడదీయకండి. చీకట్లో చేతికి వెంటనే అందవలసిన వస్తువు అది.

అలంకారానికి ఒక్క గోడనే, అందులోనూ తలుపు తీయగానే ఎదురుగా కనిపించే భాగాన్నే ఎంచుకున్నాను. అక్కడ శ్రీకాళహస్తి కలంకారీ ముక్క ఒకటి వేలాడుతోంది. మన పక్క ఊరి పని కనుక చిన్న ముక్కలు అందుబాటు ధరకు దొరుకుతాయి. నేతగుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. తుప్పు ఇనుమును బెల్లంతో ఊరబెట్టిన నీరు కరక్కాయ గుణంతో కలిసి నల్లటి గీత అవుతుంది. దూది లేదా ఉన్ని చుట్టిన వెదురు పుల్లే కలం. గుడ్డను దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆకు ఈనె మొదట్లో లావుగా మొదలై కొసకు వచ్చేసరికి సన్నబడడం, చేయి తిరిగిన చోట గీత కాస్త చిక్కబడడం కనిపిస్తుంది. అచ్చు వేసిన నకళ్లలో ప్రతి ఆకూ ఒకేలా ఉంటుంది. తక్కువ డబ్బులో పెద్ద నకలు కొనడం కంటే, అదే డబ్బుతో జానెడు వెడల్పు చేతిపని ముక్క తెచ్చుకోవడం మేలని నేను నమ్ముతాను. పై అంచునూ కింది అంచునూ మడిచి కుట్టి, వెదురు బద్దలు దూర్చితే ఫ్రేము ఖర్చు ఉండదు. ఎండ నేరుగా పడితే ఈ రంగులు వెలుస్తాయి కాబట్టి తూర్పు గుమ్మం ఉన్నవారు పక్క గోడను ఎంచుకోవాలి. దాని కింద అరలో పలమనేరు టెర్రకోట కూజా ఒకటి. అంతకు మించి ఏదీ పెట్టలేదు, పెట్టనివ్వను కూడా.

అద్దం గుమ్మానికి ఎదురుగా వద్దని మా మామగారి పట్టు. పెద్దవారి మాట కాదనకుండా దానిని పక్క గోడకు, కంటి ఎత్తున బిగించాము. ఇరుకు నడవలో పక్కగోడ అద్దం వెడల్పు ఉన్న భావన కూడా ఇస్తుంది. ఖర్చులో సగానికి పైగా కలంకారీకీ, ఇనుప స్టాండుకూ పోయింది. కొక్కేలు, బండ, రంగు, బల్బు మిగిలిన దానిలో వచ్చాయి. అద్దె ఇల్లు కనుక మేము మారేటప్పుడు ద్వారబంధం కొక్కేలు తప్ప అన్నీ విప్పుకుని తీసుకువెళ్లవచ్చు. చెక్కపట్టీలు, అద్దం, చిన్న అరలు ఊడదీసిన చోట మిగిలే మరల రంధ్రాలను వాల్ పుట్టీతో పూడ్చి, దాచి ఉంచిన అదే మీగడ రంగు వేసి ఇస్తామని యజమానిగారితో ముందే మాట అనుకున్నాము.