ఆవకాయ జాడీ, ఉక్కు తలుపు

సింగపూర్‌లో మా ఫ్లాటులో వంటగది పక్కన చిన్న గది ఒకటుంది. మందపాటి కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు. యుద్ధమొస్తే ఇంటిల్లిపాదీ తలదాచుకోవడానికట. 1990ల చివరి నుంచి కొత్త ఫ్లాట్లు చాలావరకు ఇలాగే కడుతున్నారు. మేము అందులో బియ్యం బస్తా, అమ్మ పంపిన ఆవకాయ జాడీ పెట్టుకున్నాం.

సెలవుకి విశాఖ వచ్చి ఈ సంగతి చెబితే, డాక్‌యార్డులో చేసి రిటైరైన మామయ్య నవ్వాడు.

"అంత చిన్న దేశం మీద బాంబులెవరు వేస్తార్రా?"

"మన ఊరి మీద జపానువాళ్లు వేయలేదా మామయ్యా, 1942 ఏప్రిల్ 6న?"

ఆ ఏడాదే ఫిబ్రవరి 15న సింగపూర్ జపానువాళ్లకు చిక్కింది. ఏటా ఆ తారీఖున అక్కడ సాయంత్రం 6.20కి సైరన్లు మోగిస్తారు. మొదటిసారి విని నేను షిప్‌యార్డు గేటు దాకా పరుగెత్తాను. మా ఫోర్‌మన్ టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు.

ఇప్పుడు సింగపూర్‌కు ఇరుగుపొరుగు దేశాలతో సఖ్యతే. 1965లో అలా లేదు. మార్చిలో ఇండోనేషియా మనుషులు పెట్టిన బాంబుకు అక్కడి మెక్‌డొనాల్డ్ హౌస్ అనే భవనంలో ముగ్గురు పోయారు. ఆగస్టులో మలేసియా నుంచి విడిపోయారు. తాగే నీళ్లేమో చాలావరకు మలేసియాలోని జొహోర్ రాష్ట్రం నుంచి రావాలి. 1962 నాటి నీళ్ల ఒప్పందం 2061 దాకా ఉంది. కుళాయి పక్కవాడి పెరట్లో ఉన్నవాడికి నిద్ర ఎలా పడుతుంది? అందుకే మురుగునీటినీ శుద్ధిచేసి వాడుకుంటున్నారు.

సైన్యమూ అంతే. 1967 నుంచి మగపిల్లలు పద్దెనిమిదేళ్లు దాటగానే రెండేళ్లు చేయాలి. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పిలుపొస్తుంటుంది. మా ఫోర్‌మన్ ఉన్నట్టుండి రెండు వారాలు కనబడడు; తిరిగొచ్చేసరికి మెడ నల్లగా కమిలి ఉంటుంది.

విశాఖలో పెరిగినవాడికి రక్షణంటే బీచిలో నిలబడి చూసే యుద్ధనౌకలు. అది నౌకాదళం వాళ్ల పని, మనది కాదు. అక్కడ అది మా ఇంటికే వచ్చింది. శాశ్వత నివాసానికి దరఖాస్తు నింపి ఉంచాను. అందులో మా అబ్బాయినీ చేర్చితే, వాడికీ ఆ రెండేళ్లు తప్పవు. వాడికిప్పుడు పదకొండు.

"చేస్తే తప్పేముంది?" అన్నాడు మామయ్య. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ బెంగ వేరు. "ఆ గదిలో గాలాడుతుందా? జాడీ బూజు పడుతుందేమో."

"గాలికి గొట్టాలు పెట్టారమ్మా."