కాజీపేట మీదుగా కొత్త ఎంఎంటీఎస్ రేకులు: నా నోట్‌బుక్ నుంచి

చెన్నై పెరంబూరులోని రైలు బోగీల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారైన లోకల్ రైళ్లు హైదరాబాద్ ఎంఎంటీఎస్‌కు వెళ్తూ కాజీపేట దాటే సమయాలను, నంబర్లను కొంతకాలంగా రాసి పెట్టుకుంటున్నాను. ఈ వేసవి నుంచి నోట్‌బుక్ కాస్త పద్ధతిగా తయారైంది. ఇది మొదలుపెట్టాలనుకునే వాళ్లకు నేను చూసినవి, పనికొచ్చిన చిట్కాలు ఇక్కడ పెడుతున్నాను.

ముందు దారి గురించి. చెన్నై నుంచి సికింద్రాబాద్‌కు రేక్, అంటే బోగీలన్నీ కలిసిన పూర్తి బండి, మూడు దారుల్లో రావచ్చు. ఒకటి గూడూరు, విజయవాడ, వరంగల్, కాజీపేట మీదుగా. రెండోది తెనాలి, గుంటూరు, నడికుడి, నల్గొండ మీదుగా బీబీనగర్‌కు. మూడోది రేణిగుంట, గుంతకల్లు, వాడి వైపు నుంచి. మొదటి దారిలో వస్తేనే మనకు కనిపిస్తుంది. ట్రాఫిక్‌ను బట్టి, ఎక్కడ లైన్ ఖాళీగా ఉంటే అక్కడికి మళ్లిస్తారు కాబట్టి ఐసీఎఫ్ నుంచి బయలుదేరిన ప్రతి రేక్ ఇటే వస్తుందని అనుకోవద్దు. రెండు రోజులు చూసినా రాలేదంటే బీబీనగర్ వైపు నుంచి ఎప్పుడో చేరి ఉంటుంది.

చెన్నై నుంచి వరంగల్ దాదాపు 640 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌లకు పది గంటల ప్రయాణం. ఖాళీ రేక్‌కు మాత్రం ఆ లెక్క పనికిరాదు. దానికి టైమ్‌టేబుల్ ఉండదు, వెనక ఏ ప్యాసింజర్ బండి వచ్చినా ఇది లూప్‌లోకి, అంటే స్టేషన్‌లోని పక్క లైన్‌లోకి తప్పుకోవాల్సిందే. పైగా కొత్త ఈఎంయూ (వేరే ఇంజిన్ లేకుండా బోగీల్లోని మోటార్లతోనే నడిచే లోకల్ బండి) తన సొంత కరెంటుతో రాదు. పైతీగ నుంచి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్‌లు దించేసి, ముందు ఒక లోకో (ఇంజిన్) కట్టి లాక్కొస్తారు. వందే భారత్‌లు ఫ్యాక్టరీ నుంచి తమంతట తామే నడిచి వస్తాయి కదా, ఇవి అలా కాదు. షెడ్‌కు చేరాక పరీక్షలు చేసి, పాంటోగ్రాఫ్ ఎత్తి, ట్రయల్ తిప్పితేనే ఇది సొంతంగా కదులుతుంది. అందుకే పెరంబూరులో బయలుదేరిందని తెలిసినప్పటి నుంచి ఒకటిన్నర రోజు వరకు కాచుకోవాలి. రాత్రి పూట దాటిపోయే అవకాశమే ఎక్కువ, అది తప్పదు.

బండ్లు ఎక్కడున్నాయో చూపే రైల్వే యాప్ ఎన్‌టీఈఎస్‌లో ఇది కనిపించదు. అందులో టైమ్‌టేబుల్ బండ్లు, ప్రకటించిన స్పెషల్స్ మాత్రమే ఉంటాయి. అయినా ఆ యాప్ పనికొస్తుంది. డోర్నకల్ నుంచి వరంగల్ మధ్య ప్యాసింజర్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో చూస్తూ ఉంటే, వాటి మధ్య ఖాళీల్లో ఏదో నెమ్మదైన బండి కదులుతోందని ఊహించొచ్చు. మహబూబాబాద్, కేసముద్రం, నెక్కొండ దాటే సమయాలు వరసగా రాసుకోండి. నెక్కొండ దగ్గర ఒక ఎక్స్‌ప్రెస్ కారణం లేకుండా పది నిమిషాలు ఆలస్యమైతే, ముందున్న స్టేషన్‌లో ఏదో బండిని లూప్‌లోకి తీసుకుంటున్నారని అర్థం. అది గూడ్స్ కావచ్చు, మనది కావచ్చు. కాజీపేట–విజయవాడ మూడో లైన్, దాదాపు 220 కిలోమీటర్లు, పూర్తిగా అందుబాటులోకి వస్తే ఈ పద్ధతి అంతగా పనిచేయకపోవచ్చు. ప్రయాణికులకు మాత్రం అది ఎంతో మేలు.

ఇక మన ఊరి ప్రత్యేకత. విజయవాడ వైపు నుంచి వచ్చే బండికి వరంగల్ దాటాక రెండు దారులున్నాయి. కాజీపేట స్టేషన్‌లోకి వస్తే సికింద్రాబాద్ వైపు. ఎఫ్ క్యాబిన్ అనే సిగ్నల్ క్యాబిన్ దగ్గర బైపాస్ పట్టుకుంటే కాజీపేటను తాకకుండానే హసన్‌పర్తి రోడ్ మీదుగా బల్హార్షా, నాగ్‌పూర్ వైపు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ లాంటి ఢిల్లీ బండ్లు వరంగల్‌లో ఆగి కాజీపేటలో ఆగకపోవడానికి కారణం ఇదే. ఐసీఎఫ్ దేశమంతటికీ ఈఎంయూలు, మెములు (చిన్న స్టేషన్లలోనూ ఆగుతూ ఊళ్ల మధ్య తిరిగే అలాంటి బండ్లు) పంపిస్తుంది. వాటిలో ఉత్తరాదికి పోయేవీ మనకు కనిపిస్తాయి. ఎవరి రేక్ అని దూరం నుంచే తేల్చుకోవాలంటే ఎఫ్ క్యాబిన్ దగ్గర ఎటు తిరిగిందో చూస్తే చాలు. బల్హార్షా వైపు తిరిగిందంటే అది హైదరాబాద్‌ది కాదు.

జూన్ రెండో వారంలో ఒక పొడవాటి ఖాళీ రేక్ వచ్చింది. ముందు నల్లటి మబ్బు, సన్నటి తుంపర. లోకో కాజీపేట షెడ్‌కు చెందిన డబ్ల్యూఏజీ-9 రకం గూడ్స్ ఇంజిన్. బోగీల కిటికీలకు లోపలి నుంచి కాగితాలు అంటించి ఉన్నాయి, తలుపులు తాళ్లతో కట్టి ఉన్నాయి. నాలుగో బోగీ తలుపు దగ్గర రేక్ వెంట వచ్చే సిబ్బందిలో ఒకాయన టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు. తలుపు కింద మెట్లు కనిపించాయి. అంటే ఇది మెము, మనం ఎదురుచూస్తున్న ఎంఎంటీఎస్ రేక్ కాదు. బైపాస్ మీదికి తిరిగి హసన్‌పర్తి రోడ్ వైపు వెళ్లింది. పక్కన ఎన్‌ఆర్ అని రాసి ఉంది, ఉత్తర రైల్వేది. నోట్‌బుక్‌లో దాన్ని కూడా రాశాను. మనది కాకపోయినా ఇక్కడి నుంచి దాటిన ప్రతి కొత్త రేక్‌ను రాస్తే, ఏ నెలలో ఐసీఎఫ్ ఏ రకం ఎక్కువగా పంపుతోందో మెల్లగా తెలుస్తుంది.

మెమును, ఈఎంయూను దూరం నుంచి గుర్తుపట్టడం చాలామందికి కష్టంగా ఉంటుంది. రంగును నమ్మొద్దు. అది కాలాన్ని బట్టి, రైల్వేను బట్టి మారుతుంది. వెడల్పు చూడాలి. లోకల్ ఈఎంయూ బోగీ 3.66 మీటర్ల వెడల్పు ఉంటుంది, మెము బోగీ 3.25 మీటర్ల దగ్గర ఉంటుంది. లోకో వెనక వస్తుంటే లోకో పక్క నుంచి బోగీ రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే అది ఈఎంయూ. తలుపు దగ్గర మెట్లు లేకపోవడం రెండో గుర్తు, ఎందుకంటే ఈఎంయూ ఎత్తు ప్లాట్‌ఫామ్‌ల కోసమే తయారవుతుంది. చిన్న స్టేషన్లలో దిగడానికి మెములకు మెట్లు కావాలి. మూడో గుర్తు యూనిట్లు. మెములో నాలుగు బోగీలకు ఒక యూనిట్. 12 బోగీల లోకల్ ఈఎంయూలో సాధారణంగా మూడు బోగీలకు ఒక యూనిట్ చొప్పున నాలుగు. పైకప్పు మీద పాంటోగ్రాఫ్ ఏ బోగీల మీద ఉందో లెక్కపెడుతూ పోతే యూనిట్లు ఎక్కడ విడిపోతున్నాయో తెలుస్తుంది.

జూలై నెలాఖరున అసలైనది వచ్చింది. పొద్దున్నే కాజీపేట ప్లాట్‌ఫామ్ మీద ఉన్నాను. క్రూ మారడానికి బండ్లు ఇక్కడ ఆగుతాయి కాబట్టి రేక్ నిలబడి ఉండగా దగ్గరగా చూడగలిగే చోటు ఇదొక్కటే. వరంగల్ స్టేషన్‌లో అయితే ఇలాంటి ఖాళీ రేకులు దాదాపు అన్నీ నిలవకుండా పోతాయి. టీ కొట్టాయన దూరం నుంచే, "తమ్మీ, నీ బండి అచ్చినట్టుంది, చూడు," అన్నాడు. నిజంగానే అదే. 12 బోగీలు, వెడల్పాటి బాడీ, మెట్లు లేవు, పక్కన ఎస్‌సీఆర్, అంటే దక్షిణ మధ్య రైల్వే.

పట్టాల మధ్య దుమ్ములోనూ బోగీల కింద భాగం మెరుస్తోంది. చక్రాలు పట్టాను తాకే భాగం మీద మాత్రం సన్నటి గీత, నడిచిన దారి గుర్తు. బోగీ కింది చట్రం మీద తెల్ల చాక్‌పీస్‌తో ఎంఎల్‌వై అని రాశారు. మౌలాలి స్టేషన్ కోడ్ అది. ఎంఎంటీఎస్ రైళ్ల కార్ షెడ్ మౌలాలిలోనే ఉంది కాబట్టి ఇంక అనుమానమే లేదు. బోగీ చివర ఉండే తయారీ ప్లేట్ మీద ఐసీఎఫ్ పేరు, నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. అన్నింటికన్నా ముందు దాన్ని ఫొటో తీయండి. మామూలు బోగీల్లో నంబర్ మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెప్తాయి, కానీ ఈఎంయూల్లో నంబర్ల లెక్క రైల్వేను బట్టి వేరుగా ఉంటుంది. అందుకే ప్లేటే నమ్మకం. చివరి బోగీ వెనక, ఇదే ఆఖరి బోగీ అని చెప్పే ఎల్వీ బోర్డును కూడా ఫొటో తీయాలి. రేక్ మొత్తం వచ్చిందని, మధ్యలో ఏ బోగీ విడిపోయి వెనకబడలేదని చెప్పడానికి అది ఆధారం.

పదిహేను నిమిషాల్లో కొత్త లోకో పైలట్ ఎక్కాడు, సిగ్నల్ పడింది, పిండియాల్ వైపు కదిలింది. ఏ మోటార్ చప్పుడూ లేదు, చక్రాలు మాత్రమే. పాత ఎంఎంటీఎస్ రైళ్లలో డీసీ మోటార్లు, ఇప్పటివాటిలో మూడు ఫేజ్‌ల మోటార్లు. బ్రేక్ వేసినప్పుడు కొంత కరెంటును తిరిగి తీగలోకి పంపడం వీటి గొప్ప మేలు. ప్రతి రెండు మూడు నిమిషాలకు ఆగే లోకల్ బండిలో అది చిన్న విషయం కాదు. ఈ సంగతి తెలిసి చూస్తే, మౌనంగా పోతున్న ఆ రేక్ మీద ఇంకా ఇష్టం కలుగుతుంది.

వేగం లెక్కకు నేను వాడే పద్ధతి ఇది. ఈఎంయూ బోగీ దాదాపు 21 మీటర్లు, 12 బోగీలు అంటే 252 మీటర్లు. మొదటి బోగీ ఒక కరెంటు స్తంభాన్ని దాటినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి, చివరి బోగీ దాటినప్పుడు ఆపాలి. 15 సెకన్లు పడితే గంటకు 60 కిలోమీటర్లు, 18 సెకన్లు అయితే 50. లోకోను లెక్కలోకి తీసుకోకూడదు. ఈ రేక్ స్టేషన్ నుంచి కదిలి వేగం అందుకున్నాక కూడా 50 దాటలేదని జనగామ వైపు ఉన్న మిత్రుడు ఫోన్‌లో చెప్పాడు.

ఫొటోల విషయానికి వస్తే, కాజీపేట–వరంగల్ లైన్ దాదాపు తూర్పు పడమరలుగా ఉంటుంది. దక్షిణం వైపు నిలబడితే చలికాలంలో రోజంతా ఎండ మన వెనక నుంచి పడుతుంది, బోగీ మీద అక్షరాలు స్పష్టంగా వస్తాయి. కదులుతున్న రేక్ నంబర్ల కోసం సెకన్‌లో 800వ వంతు కంటే తక్కువ వ్యవధి ఉన్న షట్టర్ పెట్టండి. కెమెరా లేకపోతే ఫోన్‌లో సెకన్‌కు 60 ఫ్రేముల వీడియో తీసి ఇంటికొచ్చి ఆపి ఆపి చూడండి. నాకైతే వీడియోనే ఎక్కువ పనికొచ్చింది, ఒక్క బోగీ నంబరూ మిస్ కాలేదు.

ప్లాట్‌ఫామ్ టికెట్ తీసుకోండి, పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. పట్టాల మీదికి, యార్డులోకి వెళ్లొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం, ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. తల మీద తీగలో 25,000 వోల్టులు ఉన్నాయి. ఫుట్‌బ్రిడ్జి మీద నుంచి సెల్ఫీ స్టిక్ బయటికి చాపే పిల్లలను చూస్తే నాకు నిజంగా టెన్షన్. ఎక్కడ కనిపించినా ఆపండి.

రేక్‌ల నంబర్లు ఎందుకు రాసుకుంటావని ఇంట్లో అడుగుతారు. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. రెండో దశ 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు, 2024 మార్చిలో ఘట్‌కేసర్ వైపు తెరుచుకుంది. ఘట్‌కేసర్ మన కాజీపేట లైన్ మీదే ఉంది. అక్కడి నుంచి యాదాద్రి వరకు 33 కిలోమీటర్లు పొడిగించాలన్న ప్రతిపాదన ఉంది. లోకల్ బండి మన వైపు ఒక్కో అడుగు వేస్తోంది. లైన్ పొడిగిస్తే రేకులు కావాలి, రేకులు వస్తేనే ట్రిప్పులు పెరుగుతాయి. భువనగిరి, ఆలేరు నుంచి పొద్దున్నే ఉద్యోగానికి పోయేవాళ్లకు ఒక్క రేక్ ఎక్కువైనా తేడా తెలుస్తుంది. కొత్త రేక్ ఎప్పుడు దాటిందో రాసి ఉంటే, అది షెడ్‌లో ఎన్నాళ్లు నిలబడిందో, ఎప్పుడు జనం ఎక్కారో అడగడానికి మన దగ్గర తేదీ ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ అన్నది 1980ల నుంచి ఉన్న కోరిక. ఆ ఫ్యాక్టరీ అప్పట్లో కపుర్తలాకు వెళ్లింది. 2014 విభజన చట్టంలో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని రాశారు. 2023 జూలై 8న అయోధ్యాపురం దగ్గర రైల్వే తయారీ యూనిట్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు, ఖర్చు రూ.500 కోట్లకు పైనే. పెరంబూరులో పుట్టి మన ముందు నుంచి పోయే రేక్‌ను చూసే మనకు, ఆ గేటు లోపలి నుంచి ఏదో ఒక రోజు రేక్ బయటికి రావాలన్న ఆశ గట్టిగా ఉంది. అప్పుడు ప్లేట్ మీద ఊరి పేరు చదవడానికి నేను అక్కడే ఉంటాను.

ప్రస్తుతానికి, జూలై రేక్ సర్వీసులోకి వచ్చిందా లేదా తెలుసుకోవాలి. వచ్చే వారం ఘట్‌కేసర్‌లో పొద్దున బండ్ల డ్రైవింగ్ బోగీ నంబర్లు చూసి, నా ఫొటోలతో సరిపోల్చుతాను. లింగంపల్లి వైపు చూసే మిత్రుడు అక్కడి సాయంత్రం బండ్లు చూస్తానన్నాడు. మౌలాలి షెడ్ బయట నుంచి కనిపించే లైన్ల మీద కొత్త రేక్ నిలబడి ఉంటే, పాంటోగ్రాఫ్ ఎత్తి ఉందో లేదో చూస్తే ట్రయల్స్ మొదలయ్యాయా లేదా తెలిసిపోతుంది.